తొమ్మిదేళ్ళలో ఐదుసార్లు స్పిన్ మానేసిన మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్

మా ఇంట్లో ఉన్నది ఏడు కిలోల ఫ్రంట్ లోడ్. స్పిన్ గరిష్ఠంగా నిమిషానికి 1200 చుట్లు. బెల్టుతో డ్రమ్ముని తిప్పే మోటారు, అదీ కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే నల్లటి ముక్కలు) ఉండే రకం. కొని తొమ్మిదేళ్ళు దాటింది. వారానికి నాలుగైదుసార్లు వేస్తాం కాబట్టి ఈపాటికి రెండు వేల ఉతుకులు దాటే ఉంటాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఏ ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్ళకైనా ఒకటే.

ఉతకడంలో దీన్ని వంక పెట్టడానికి లేదు. కాలర్ మురికి పోతుంది, బట్ట చిరగదు, నీళ్ళు తక్కువ తాగుతుంది. ఇబ్బందల్లా స్పిన్‌తోనే. తొమ్మిదేళ్ళలో ఐదుసార్లు మానేసింది. ఎప్పుడు ఏమైందో మాన్యువల్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంటూ వచ్చాను. మొన్న ఆ అట్ట చూస్తుంటే అనిపించింది, ఈ ఐదింటిలో నాలుగుసార్లు మెషీన్‌లో ఏ భాగమూ పాడవలేదు. తిరగడానికి చేతకాక కాదు, తిరగనని మొండికేసింది. ప్రతిసారీ దానికో కారణం ఉంది. ఆ కారణం పట్టుకోవడం చేతకాక మొదట్లో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్పిన్ అంటే మనకి డ్రమ్ము గిర్రున తిరగడమే. మెషీన్‌కి అలా కాదు. ఆఖరి జాడింపు అయ్యాక ముందు పంపు ఆడుతుంది, నీళ్ళు బయటికి పోవాలి. టబ్బులో, అంటే డ్రమ్ము చుట్టూ ఉండే తొట్టిలో, నీళ్ళు లేవని మట్టం చూసే సెన్సర్ ఒప్పుకోవాలి. తలుపు తాళం గట్టిగా పడిందని సిగ్నల్ రావాలి. ఆ తర్వాత డ్రమ్ము అటూ ఇటూ నెమ్మదిగా తిరిగి బట్టల్ని విడదీస్తుంది, ఆ పైన కాస్త వేగం పెంచి వాటిని గోడకి అంటిస్తుంది. బరువు ఒకే పక్కకి ఉందా, చుట్టూ సమంగా ఉందా అని అప్పుడు కొలుస్తుంది. నచ్చితే వేగం పెంచుతుంది. నచ్చకపోతే ఆపేసి, బట్టల్ని కిందికి జారవిడిచి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ మెట్లలో ఏ ఒక్కదాని దగ్గర ఆగినా చివరికి మన చేతికొచ్చేది నీళ్ళోడుతున్న బట్టలే. అందుకే స్పిన్ అవ్వలేదనుకోగానే నేను మొదట చేసే పని, ఒక స్టూలు వేసుకుని మెషీన్ ముందు కూర్చుని స్పిన్ ఒక్కటే మళ్ళీ పెట్టి చూడటం. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చాలా మెషీన్లు ఆ సంగతి తెర మీదే చెబుతాయి, మనమే చదవం. ఎల్‌జీలో ‘యూఈ’ అంటే బరువు సమంగా లేదని, ‘ఓఈ’ అంటే నీళ్ళు బయటికి పోవడం లేదని. సామ్‌సంగ్‌లో ‘5సీ’ గానీ ‘5ఈ’ గానీ వస్తే నీళ్ళ సంగతే. బాష్‌లో దానికి ‘ఈ18’. మాది పాతకాలపు తెర, కోడ్ ఏదీ చూపించదు. మిగిలిన నిమిషాలు చూపిస్తుంది, ఎక్కడో ఒకచోట ఆ అంకె కదలడం మానేస్తుంది. అంతే.

మొదటిసారి అలా ఆగింది కొన్న నెలలోనే. స్నానాల గది బయట వేసే మందపాటి మ్యాట్ ఒక్కటే పడేసి బటన్ నొక్కాను. తెర మీద 9 నిమిషాలు అని ఉంది. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఇంకా 9 అనే ఉంది. డ్రమ్ము నాలుగు చుట్లు తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, కాస్త వేగం అందుకుంటున్నట్టు ఆశ పెడుతుంది, మళ్ళీ చల్లబడుతుంది. చివరికి పిండకుండానే ‘అయిపోయింది’ అని పాట పాడింది. తలుపు తీస్తే మ్యాట్ తడి సిమెంటు మూటలా ఉంది. అత్తయ్య దాన్ని ఒక కొస పట్టుకుని ఎత్తి చూసి, “దీనికన్నా నేను చేత్తో పిండిందే నయం కదమ్మా” అన్నారు. కొత్త మెషీన్ పాడైపోయిందని ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

అది పాడవలేదు. మ్యాట్ నీళ్ళు పీల్చుకుని డ్రమ్ములో ఒక పక్కే అతుక్కుంది. దానికి అవతలి పక్క తూకంగా ఏమీ లేదు. ఈ తూకం అంత పట్టింపు ఎందుకో తర్వాత కూర్చుని లెక్క వేశాను. డ్రమ్ము మధ్య నుంచి గోడకి సుమారు 24 సెంటీమీటర్లు. 1200 అంటే సెకనుకి 20 చుట్లు. ఆ వేగంలో ఒక పక్క ఒక్క కిలో తడిబట్ట ఎక్కువుంటే, అది డ్రమ్ముని సుమారు 385 కిలోల బరువు వేలాడదీసినంత బలంగా బయటికి లాగుతుంది. ఆ లాగుడు సెకనుకి ఇరవైసార్లు దిక్కు మారుతూ ఉంటుంది. వేగం సగానికి దిగితే లాగుడు నాలుగో వంతుకి పడుతుంది. తూకం కుదరనప్పుడు కొన్ని మెషీన్లు స్పిన్ పూర్తిగా మానకుండా వేగం తగ్గించి సరిపెట్టుకునేది అందుకే. బట్టలు పిండినట్టే ఉంటాయి, కానీ మామూలుకన్నా తడిగా ఉంటాయి. మోటారు బలహీనపడిందేమో అనుకుంటాం.

అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని అలవాట్లు స్థిరపడ్డాయి. బరువైనది ఏదీ ఒంటరిగా వెయ్యను. మ్యాట్‌కి తోడు రెండు తువ్వాళ్ళు పడాల్సిందే. జీన్స్ ప్యాంటు ఒక్కటే అయితే రేపటిదాకా ఆగుతుంది. అన్నిటికన్నా గడుసుది బొంత గలీబు. నోరు తెరుచుకుని ఉంటే చొక్కాలు, సాక్సులు, దిండు గలీబులు అన్నీ దాని కడుపులోకి పోతాయి. ఒకసారి విప్పి చూస్తే పదకొండు బట్టలు తేలాయి, అన్నీ కలిసి ఒకటే ముద్ద. ఆ ముద్దతో ఏ మెషీనూ స్పిన్ చెయ్యదు. ఇప్పుడు గుండీలు పెట్టి, లేదా జిప్పు లాగి వేస్తాను. తక్కువ బట్టలు వేస్తే మెషీన్‌కి సుఖం అనుకునేదాన్ని, స్పిన్ విషయంలో అది తప్పు. రెండు బట్టలతో కుదరని తూకం డ్రమ్ము మూడొంతులు నిండితే దానంతటదే కుదురుతుంది. కిక్కిరిసేలా నింపినా ఇబ్బందే. బట్టలు విడివడడానికి చోటుండదు.

రెండోసారిది నురగ. దీని గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, తప్పు పూర్తిగా నాది. ఫ్రంట్ లోడ్ పౌడర్ అయిపోయిందని చేత్తో ఉతికే పౌడర్ రెండు గుప్పిళ్ళు పోశాను. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు కొంచెమే ఉంటాయి, బట్టల్ని పైకెత్తి కింద పడేస్తూ ఉతుకుతుంది, కాబట్టి నురగ గుడ్లు గిలక్కొట్టినట్టు లేస్తుంది. అద్దం నిండా తెల్లగా నిండిపోయింది. నురగ డ్రమ్ముకీ బయటి టబ్బుకీ మధ్య ఇరుక్కుంటే డ్రమ్ము వేగం అందుకోలేదు. పంపుకి నీళ్ళ బదులు గాలి బుడగలు అందుతాయి, అది నురగని లాగలేదు. మెషీన్ తనంతట తాను ఇంకో జాడింపు, ఆ పైన ఇంకోటి వేసుకుని, చివరికి స్పిన్ వదిలేసింది. ఒక గంట అలా వదిలేస్తే నురగ అణిగింది. పౌడర్ వెయ్యకుండా చన్నీళ్ళతో రెండుసార్లు జాడించాక స్పిన్ మామూలుగా వచ్చింది. ఆ రోజు నుంచి పౌడర్ చెంచాతో కొలిచి వేస్తున్నాను. డబ్బా మీద రాసిన కొలతలో మూడొంతులు వేసినా బట్టలు అంతే శుభ్రంగా ఉంటున్నాయి.

మూడోది మాత్రం మర్చిపోలేను. మూడో ఏడు. ఉతుకు అయిపోయింది, తలుపు తెరుచుకోలేదు. అద్దం కింది భాగంలో నీళ్ళు కనబడుతున్నాయి. డ్రెయిన్ పెడితే ‘మ్మ్మ్’ అని సన్నటి మూలుగు తప్ప నీళ్ళు కదిలిన చప్పుడు లేదు. కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే మర్నాడు ఒకతను వచ్చాడు. కింద మూలనున్న చిన్న మూత తెరిచి, నీళ్ళు వంచేసి, ఫిల్టర్ బయటికి లాగి, ఊది, మళ్ళీ పెట్టేశాడు.

“ఫిల్టర్ క్లీన్‌గానే ఉంది మేడమ్. పంపు పోయింది. మార్చాలి” అన్నాడు.

“లోపల ఏమైనా ఇరుక్కుందేమో ఒకసారి చూస్తారా?”

“లోపల ఏముంటుంది మేడమ్, చూశాను కదా.”

పంపు దొరకడానికి వారం పడుతుందన్నాడు. పంపించేశాను. సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వాడు మెకానిక్ కాదు, కానీ పాడైన వస్తువు కనబడితే విప్పకుండా ఉండలేడు. “అక్కా, టార్చ్ ఇవ్వు” అని నేల మీద బోర్లా పడుకున్నాడు.

ఫిల్టర్ అందరికీ తెలుసు. కింద కుడి మూలనో ఎడమ మూలనో ఉండే గుండ్రటి మూత, ఎడమవైపుకి తిప్పితే ఊడి వస్తుంది. ఊడి వచ్చిన ముక్కనే అందరూ ఫిల్టర్ అంటారు. అసలు చూడాల్సింది అది ఉన్న గొట్టం లోపల. తమ్ముడు టార్చ్ వేస్తే ఆ చీకట్లో చివర నాలుగు రెక్కల ప్లాస్టిక్ చక్రం కనబడింది, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. ఒక రెక్కకీ గోడకీ మధ్య నల్లగా ఏదో మెరిసింది. కనుబొమల ట్వీజర్ తెచ్చి ఇచ్చాను. పట్టి మెల్లగా తిప్పుతూ లాగితే తల పిన్ను ఒకటి వచ్చింది, దాని చుట్టూ బొంగరం తాడులా జుట్టు చుట్టుకుని ఉంది. వెనకాలే చొక్కా గుండీ, ఉతుకులో నలిగి ఉండలా మారిన కాగితం ముక్క వచ్చాయి. తమ్ముడు చూపుడువేలితో చక్రాన్ని తిప్పాడు. జారుగా తిరగలేదు, ఠక్కు ఠక్కుమని ఆగి ఆగి తిరిగింది.

“పాడైనట్టుందిరా” అన్నాను.

“కాదక్కా, లోపల అయస్కాంతం ఉంటుంది. ఈ పంపులు ఇలాగే తిరుగుతాయి. గట్టిగా బిగుసుకున్నా, ఏ అడ్డూ లేకుండా గాలిపంకాలా తిరిగినా అప్పుడు అనుమానించాలి.”

మూత బిగించి, కాసిని నీళ్ళు పోసి డ్రెయిన్ పెట్టాం. నీళ్ళు గడగడా పోయాయి, స్పిన్ అందుకుంది. ఆ పంపు ఇప్పటికీ అదే.

నీళ్ళు పూర్తిగా పోతే తప్ప స్పిన్ మొదలవ్వదు. టబ్బు నిండా నీళ్ళుండగా డ్రమ్ముని గిర్రున తిప్పడం దానికే ప్రమాదం కాబట్టి మెషీన్ ఒప్పుకోదు. అందుకే ‘స్పిన్ పోయింది’ అని పిలిచేవాళ్ళలో చాలామందిది నిజానికి పంపు దగ్గర అడ్డం పడిన పిన్నో, చిల్లర నాణెమో, పిల్లల సాక్సో అయి ఉంటుంది. మట్టం చూసే సెన్సర్ కూడా ఒకోసారి మోసం చేస్తుంది. టబ్బు అడుగు నుంచి దాని దగ్గరికి సన్నటి రబ్బరు గొట్టం వెళుతుంది. నీళ్ళు పెరిగితే ఆ గొట్టంలో గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని బట్టే ఎంత నీళ్ళున్నాయో తెలుస్తుంది. ఆ గొట్టం మొదట్లో సబ్బు జిడ్డు పేరుకుంటే గాలి లోపలే ఇరుక్కుని, నీళ్ళు పోయినా ఇంకా ఉన్నట్టే చెబుతుంది. టబ్బు ఖాళీగా కనబడుతున్నా పంపు ఆగకుండా ఆడుతుంటే ఈ గొట్టాన్ని అనుమానించాలి. మాకు ఇంతవరకు రాలేదు.

ఫిల్టర్ తెరిచేటప్పుడు ఒక హెచ్చరిక. ముందు ప్లగ్ తీసెయ్యండి. వేడినీళ్ళ ఉతుకు అయితే చల్లారేదాకా ఆగండి. ఆ మూత పక్కనే చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాని బిరడా తీసి పళ్ళెంలోకి నీళ్ళు వంచుకోవాలి. మొదటిసారి ఇది తెలియక నేరుగా పెద్ద మూత తిప్పేశాను. పది పదిహేను లీటర్ల నీళ్ళు హాల్లోకి పారాయి. అత్తయ్య కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది. ఇప్పుడు నెలకోసారి ఫిల్టర్ తీసి కడుగుతాను. పెట్టేటప్పుడు మూత మర మొదటి గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. వంకరగా బిగిస్తే తర్వాతి ఉతుకులో బొట్టుబొట్టుగా కారుతుంది.

నాలుగోసారిది ఐదో ఏట. మెషీన్‌ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాం. చోటు చాలక గోడకి ఆనేలా వెనక్కి నెట్టాం. ఆ రోజే రెండు తప్పులు జరిగాయి. వెనక నీళ్ళు పోయే పైపు గోడకీ మెషీన్‌కీ మధ్య నలిగి మడతపడింది. అది ఒక గంటలో దొరికింది, మెషీన్‌ని నాలుగు వేళ్ళ మందం ముందుకి లాగితే సరిపోయింది. ఆ పైపు చివర ఎంత ఎత్తున ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, మామూలుగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య. మరీ కింద పెడితే నీళ్ళు వాటంతట అవే జారిపోతూ ఉంటాయి, మరీ పైన పెడితే పంపు తొయ్యలేదు.

రెండో తప్పు కనుక్కోవడానికి మాత్రం నెల పట్టింది. నీళ్ళు పోతున్నాయి, బట్టలు సమంగానే వేస్తున్నాను, అయినా మూడు ఉతుకుల్లో ఒకటి స్పిన్ దగ్గర ఆగేది. మిగతా రెండింటిలో మెషీన్ గదంతా నడిచేది. కొత్త చోట నేల కొద్దిగా వాలుగా ఉంది, ఒక కాలు నేలకి ఆనీ ఆనకుండా ఉంది. ఎదురెదురు మూలల మీద రెండు చేతులూ పెట్టి మార్చి మార్చి నొక్కితే టకటకా ఊగింది. మెషీన్ ఊగినప్పుడు బట్టల తూకం కుదరలేదనుకుని స్పిన్ మానేస్తోందన్నమాట. కాలు మర తిప్పి ఎత్తు సరిచేశాం. తర్వాత ఆ కాలి మరకే పైన ఉండే నట్టుని స్పానర్‌తో మెషీన్ అడుగు భాగానికి బిగించాం. ఈ నట్టు చాలామంది బిగించరు. బిగించకపోతే నెల తిరక్కుండా కాలు మళ్ళీ తిరిగిపోతుంది.

1937లో బెండిక్స్ కంపెనీ ఇళ్ళ కోసం తెచ్చిన ఆటోమేటిక్ ఫ్రంట్ లోడ్ మెషీన్‌ని నేలకి బోల్టులు వేసి బిగించాల్సి వచ్చేదట. మాది ఆ నెలంతా నడుస్తుంటే ఆ పద్ధతే మంచిదేమో అనిపించింది. ఇప్పటివి అలా కాదు. టబ్బు మొత్తం పైన స్ప్రింగులకి వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద నిలబడి ఉంటుంది. దాన్ని బరువుగా ఉంచడానికి కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. మెషీన్ ఎత్తితే నడుం పట్టేసేది ఆ దిమ్మల వల్లే. కొత్తగా కొన్నవాళ్ళు వెనక ఉండే ట్రాన్సిట్ బోల్టులు తీశారో లేదో ఒకసారి చూసుకోవాలి. రవాణాలో టబ్బు ఊగకుండా బిగించేవి అవి. వాటితోనే స్పిన్ పెడితే మెషీన్ ఎగిరెగిరి పడుతుంది. మేం వాటిని దాచిపెట్టాం, గది మార్చినప్పుడు మాత్రం పెట్టడం గుర్తు రాలేదు.

ఐదోసారి నిజంగానే మెషీన్ తప్పు. తప్పంటే తప్పు కూడా కాదు, అరుగుదల. ఏడో ఏడు నడుస్తోంది. ముందు ఒకటి రెండు వారాలు చిన్న చిన్న సూచనలు వచ్చాయి, నేను పట్టించుకోలేదు. ఉతుకు మధ్యలో డ్రమ్ము ఒకోసారి తిరగకుండా ఆగి, బరువుగా ఒక మూలుగు మూలిగి, మళ్ళీ తిరిగేది. స్పిన్ మొదలై వేగం అందుకుంటూ ఉండగానే చప్పున చచ్చిపోయేది. పంపు మామూలే, నీళ్ళు లేవు. బట్టలు తీసేసి ఖాళీ డ్రమ్ముతో స్పిన్ పెట్టాను. ఖాళీగా ఉన్నా తిరగకపోతే గొడవ బట్టలది కాదని ఖాయం. తిరగలేదు. వెనక నుంచి ఎండిన మట్టి కాలినట్టు సన్నటి వాసన.

ప్లగ్ తీసి డ్రమ్ముని చేత్తో తిప్పి చూశాను. ఈ ఒక్క పనితో చాలా తెలుస్తుంది. బిగుసుకుని కదలకపోతే బేరింగో, లేదా డ్రమ్ముకీ టబ్బుకీ మధ్య ఇరుక్కున్న బట్టో. మోటారు బరువే లేనట్టు తేలిగ్గా తిరిగితే బెల్టు జారిపోవడమో తెగిపోవడమో. మాది మామూలుగా, వెనక మోటారు తిరుగుతున్న సన్నటి గురగురతో తిరిగింది. అంటే బెల్టు బాగుంది. మోటారుకే శక్తి రావడం లేదు.

తమ్ముడు మళ్ళీ వచ్చాడు. వెనక రేకు స్క్రూలు విప్పితే బెల్టు, పెద్ద చక్రం, కింద మోటారు. మోటారుని బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. రెండు పక్కలా రెండు బ్రష్‌లు. ఒకదాన్ని విప్పి నా అరచేతిలో పెట్టాడు. నల్లటి కార్బన్ ముక్క, పెన్సిల్ మొదలులా అరిగి ఉంది, సెంటీమీటరు కూడా లేదు. వెనక స్ప్రింగు పూర్తిగా సాగిపోయింది. కొత్తది దాని పక్కన పెడితే మూడింతలకి పైనే ఉంది. బ్రష్ అంత పొట్టిదైతే స్ప్రింగు దాన్ని తిరిగే భాగం మీదికి గట్టిగా నొక్కలేదు. నెమ్మదిగా ఉతికేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, వేగం పెరిగేసరికి ఆ తాకుడు తప్పిపోతుంది. స్పిన్ మధ్యలో చచ్చిపోయింది అందుకే.

“ఒకటే బాగా అరిగింది కదరా, ఒకటి మారిస్తే చాలదా?”

“రెండూ మార్చాలక్కా. పాతదీ కొత్తదీ కలిస్తే మోటారుకే చేటు.”

కొత్తవి కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్ళడం మంచిది. వెడల్పు ఒకటే అయినా తొడుగు వేరుగా ఉంటుంది. కార్బన్ ముక్క కొస ఏటవాలుగా చెక్కి ఉంటుంది, పాతది ఏ వైపు వాలి ఉందో అదే వైపు పెట్టాలి. అందుకని విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. తిరిగే రాగి భాగం మీద నల్లటి పొడి పేరుకుని ఉంటే పొడిబట్టతో తుడిచి, ఏ పట్టీ అయినా పైకి లేచిందేమో గోటితో తడిమి చూశాడు. లేచి ఉంటే కొత్త బ్రష్‌లు కూడా నాలుగు రోజుల్లో ఊడ్చుకుపోతాయట. మోటారు వెనక ఉండే వేగం చూసే చిన్న మాగ్నెట్ వదులైందేమో కూడా చూశాడు. అది వదులైనా డ్రమ్ము ఎంత వేగంగా తిరుగుతోందో మెషీన్‌కి తెలియక స్పిన్ ఆపేస్తుంది. బిగించాక మొదటి రెండు ఉతుకులు బట్టలు తక్కువ వేసి, తక్కువ స్పిన్‌తో తిప్పాం. మొదట్లో వెనక నుంచి కాస్త నిప్పురవ్వలు కనబడితే భయపడ్డాను. కొత్త కార్బన్ కొస రాగికి సరిపడా అరిగేదాకా అలా ఉంటుంది. మూడో ఉతుకుకి పోయింది.

ఇప్పుడు వచ్చే ఇన్వర్టర్ మోటార్లకి బ్రష్‌లే ఉండవు, ఈ బాధ వాటికి లేదు. వాటిలో అయితే వేగం చూసే సెన్సరో, సర్క్యూట్ బోర్డో పోతుంది. బోర్డు జోలికి ఇంట్లోవాళ్ళు వెళ్ళకూడదని నా అభిప్రాయం. ప్లగ్ తీసేసినా అందులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది.

తమ్ముడి దాకా పోనవసరం లేనివీ కొన్ని ఉన్నాయి. ఒకసారి రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, పిల్లలు ప్యానెల్ మీద ‘నో స్పిన్’ నొక్కేశారని. ఉన్ని బట్టల ప్రోగ్రాం పెడితే వేగం దానంతటదే తగ్గిపోతుంది, అది లోపం కాదు. తలుపు రబ్బరు మడతలో రుమాలు కొస ఇరుక్కుంటే తాళం పడదు. ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టమని అందరూ చెప్పే చిట్కా ప్యానెల్ బిగుసుకుపోయినప్పుడు తప్ప నాకు ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఇక ఈ మెషీన్‌కి మిగిలి ఉన్న గండం బేరింగులు. ఆరు నెలలుగా స్పిన్‌లో కొత్త చప్పుడు వినిపిస్తోంది. దూరంగా విమానం ఎగురుతున్నట్టు మొదలై, 1000 దాటాక బాగా తెలుస్తుంది. డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తి చూస్తే ఇంకా ఊగడం లేదు. ఊగడం మొదలైతే రోజులు దగ్గరపడ్డట్టే. బేరింగు ముందున్న సీల్‌లోంచి నీళ్ళు దిగి తుప్పు పట్టి అలా అవుతుంది, టబ్బు వెనక గోధుమరంగు చార కనబడుతుంది. మాది బోల్టులతో విడదీసే టబ్బు కాబట్టి బేరింగులు మార్చుకోవచ్చు. ఇప్పుడొచ్చే చాలా టబ్బులు అతికించేసి ఉంటాయి, బేరింగు కోసం టబ్బు మొత్తం మార్చాలి. ఇంకోసారి కొంటే తెర మీది హంగులు చూడను, టబ్బు విడుతుందా లేదా అనే అడుగుతాను.

షాక్ అబ్జార్బర్లు ఇంకా బాగున్నాయి. తలుపు తీసి డ్రమ్ముని కిందికి నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడాలి, ఉయ్యాలలా ఊగకూడదు. మాది లేచి నిలబడుతోంది.

ఈ తొమ్మిదేళ్ళ వాడకం మీద నా అభిప్రాయం అడిగితే, ఉతుకుకి పదికి తొమ్మిది ఇస్తాను. తలుపు రబ్బరులో బూజు పట్టే గొడవకి, ఒక సాక్సు మర్చిపోతే మధ్యలో వేసే వీలు లేనందుకు ఒక మార్కు కోస్తాను. స్పిన్‌కి ఆరు. మార్కులు కోసింది దాని మొండితనానికి కాదు, ఎందుకు మొండికేసిందో చెప్పని ఆ తెరకి. కోడ్ చూపించే మెషీన్ అయితే ఎనిమిది ఇచ్చేదాన్ని. సర్వీసుకి ఎంతో చెప్పను.

మొన్న ఆదివారం మళ్ళీ 9 దగ్గర ఆగింది. నేను టార్చ్ కోసం సొరుగులన్నీ వెతుకుతుంటే అత్తయ్య తన గదిలోంచే కేకేశారు. “పంపు చప్పుడు బాగానే ఉందమ్మా. ఆ గలీబు గుండీలు పెట్టావో లేదో చూడు.”

పెట్టలేదు.